నాలుగో సాకెట్టుకి కూడా బొట్టు పెట్టాను

కంప్యూటర్ల గదిలో ఇరవై ఏళ్ళ పైన పనిచేశాను. ఈ మాట అంటే కొత్తవాళ్ళు నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూస్తారు. చూడనివ్వండి. నేను అటెండర్ని. అంకెలు వచ్చు, నా పేరు రాయడం వచ్చు, అంతకుమించి అక్షరం రాదు. ఇదీ నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. మధ్యమధ్యలో "ఇక్కడ కొంచెం మారుద్దామా అత్తా" అంటోంది. వద్దన్నాను.

ఆఫీసుల్లో కొత్తగా చేరే పిల్లలు బ్యాకప్పు అంటే దానంతటదే జరిగిపోయేది అనుకుంటారట. మాకూ అలాగే జరిగిపోయేది. నాలుగు నెలలపాటు జరిగిపోతోందనే అనుకున్నాం. మీకు చెప్పాలనుకున్నది ఆ నాలుగు నెలల సంగతే.

మాది పోర్టులో ఓడల మీంచి సరుకు దించే ఒక కంపెనీ. మా ఆయన అక్కడ సరుకు పైకెత్తే వించికి డ్రైవరు. గుండె ఆగి పోయాడు. వించి మీద కాదు, ఇంట్లో, అన్నం ముందు కూర్చుని. వించి మీద పోయుంటే కంపెనీ ఇంకొంచెం ఎక్కువ బాధపడేది. అయినా నాకు ఉద్యోగం ఇచ్చారు. ఊడవడానికి అన్నారు. తీరా చూస్తే ఊడవాల్సింది ఏసీ గది. ఎండాకాలంలో నన్ను చూసి చాలామంది కుళ్ళుకున్నారు.

ఆ గదికి ఇన్‌ఛార్జి ఒక బాబు. బెజవాడ వైపు మనిషి, ముప్పై దాటిన వయసు, నన్ను 'అమ్మా, మీరు' అనేవాడు. ఆఫీసు మొత్తంలో నన్ను మీరు అన్నది ఆయనొక్కడే. ఊడవడం అరగంటలో అయిపోతుందని గమనించి, బ్యాకప్పు టేపులు మార్చే పని నాకు నేర్పాడు. టేపుల మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాడు. సోమవారం ఒకటి, మంగళవారం రెండు. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు టేపు పెట్టడం, పొద్దున్న వచ్చి తీయడం, అప్పటికి మిషను అచ్చు వేసి ఉంచిన కాగితాన్ని బాబు బల్ల మీద పెట్టడం. బాబు దాని మీద సంతకం చేసేవాడు, నేను ఫైల్లో కుట్టేదాన్ని.

మాకు మూడు చోట్ల కంప్యూటర్లు ఉండేవి. పెద్దాఫీసులో కొన్ని, లారీలు తూచే కాటా దగ్గర రెండు, రేవులో కూలీల హాజరు వేసే షెడ్డులో ఒకటి. ఈ మూడు చోట్లకీ మూడు వరసల నంబర్లు. ఒక వరసలోని కంప్యూటరు ఇంకో వరసలోని దానితో నేరుగా మాట్లాడదట. మధ్యలో ఒక డబ్బా ఉంటుంది, ఏదైనా దానిలోంచే పోవాలి. పక్క వీధిలో ఇంటికి వెళ్ళాలన్నా జంక్షను దాకా నడిచి తిరిగి రావడం లాంటిది. మొదట్లో బ్యాకప్పు కూడా ఆ జంక్షను మీదుగానే నడిచేది. అంత సరుకు ఒకేసారి దాని మీద పడేసరికి కాటా దగ్గర కంప్యూటరు బిగుసుకుపోయేది. లారీలు రోడ్డు మీదకి వరసకట్టేవి. ఒకరోజు డ్రైవర్లు కాటా గుమస్తా చొక్కా పట్టుకున్నారు. గుమస్తా వచ్చి బాబు చొక్కా పట్టుకున్నాడు.

అప్పుడు బాబు బ్యాకప్పు మిషను విప్పి, అందులో మూడు నెట్‌వర్కు కార్డులు బిగించాడు. ఒక్కో కార్డుకి ఒక్కో వరస నంబరు ఇచ్చి, మూడు చోట్లకీ మూడు తీగలు వేరువేరుగా లాగించాడు. ఒకే ఇంటికి మూడు వీధుల్లోకి మూడు తలుపులు పెట్టించినట్టు. జంక్షను దారిని బ్యాకప్పుకి మూసేశాడు. ఆ రోజు నుంచి లారీలు కదిలాయి, చొక్కాలు మిగిలాయి. మిషనుకి పుట్టుకతో వచ్చిన సాకెట్టు ఇంకొకటి ఉండేది. దానితో పని లేదు కాబట్టి దానికి నంబరు ఇవ్వలేదు. ఊరికే ఉండేది. అదే నాలుగోది.

మా రేవులో దుమ్ముకి లోటు లేదు. ఒకవైపు బొగ్గు, ఒకవైపు ఇనప రాయి. ఏసీ గది తలుపు ఎంత బిగించినా నల్లగా ఎర్రగా లోపలికి వచ్చేది. నెలకోసారి తీగలు ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాలి. మూడు తీగలూ ఒకే బూడిద రంగు. బాబు చిన్న చిన్న కాగితాల మీద ఇంగ్లీషులో రాసి అంటించాడు. నాకవి చీమల్లా కనిపించేవి. అందుకని ఇంటినుంచి తెచ్చి, ఆఫీసు తీగకీ దాని సాకెట్టుకీ పసుపు చుక్క, కాటా తీగకి కుంకుమ చుక్క, షెడ్డు తీగకి కాటుక చుక్క పెట్టుకున్నాను. నాలుగోదానికి ఏమీ పెట్టలేదు. బాబు చూసి, "నా లేబుళ్ళకన్నా ఇవే నయం అమ్మా" అన్నాడు. పొంగిపోయాను. అక్కడే ఉంది అసలు తప్పు.

దసరా వచ్చింది. రేవులో క్రేను దగ్గర్నుంచి కుట్టు సూది దాకా అన్నిటికీ పూజ చేస్తారు. మా గదిలో పూజ ఆ ఏడాది నాకు పడింది. సబ్బవరం వైపు నుంచి వచ్చే ముసలి మేస్త్రి ఒకడు కూలీల గ్యాంగు నడిపేవాడు. గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఓలమ్మా, నువ్వెలగ పెడతావే బొట్టు? ఇంకెవులూ దొరకనేదేటి ఇంత ఆఫీసులో?"

"తుడవడానికి ఎవులూ రానేదు మేస్త్రీ. తుడిసినోళ్ళే పెట్టాల కదేటి."

"మిషన్లకి ఆ పట్టింపులు లేవులే మేస్త్రీ" అని బాబు అడ్డం వచ్చాడు.

మేస్త్రి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది. మొగుడు పోయినదాని చేతి బొట్టు కాబట్టి ఎక్కడా లోటు జరగకూడదని, మామూలుకన్నా నాలుగింతలు శ్రద్ధగా చేశాను. తీగలు పీకాను. తడిగుడ్డతో మిషను వెనకభాగం మెరిసేలా తుడిచాను. నా చుక్కలు కూడా అందులోనే పోయాయి. తీగల చివర్లు కూడా తుడిచాను. ఆ తరవాత అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. మూడు సాకెట్లకి పెట్టి నాలుగోదాన్ని బోసిగా వదలడానికి నాకు మనసు రాలేదు. పనిలేని తలుపైనా తలుపే కదా. దానికీ పెట్టాను.

హారతి అయ్యాక తీగలు మళ్ళీ పెట్టబోతే అన్నీ పసుపే, అన్నీ కుంకుమే. కాటుక ఆ రోజు తేలేదు. చేతికి అలవాటే కదా అని పెట్టేశాను. రెండు సరిగ్గానే పడ్డాయి. షెడ్డు తీగ నాలుగోదానిలో పడింది. అన్నిటి దగ్గరా పచ్చ దీపం వెలిగింది. తీగ తగిలితే చాలు, దీపం వెలుగుతుంది. తలుపుకి ఇంటి నంబరు ఉందా లేదా అనేది దానికి అక్కర్లేదట. ఇది నాకు తరవాత తెలిసింది.

పూజ తరవాత పొద్దున్న వచ్చే కాగితంలో అడుగున ఒక వరస ఎక్కువ పడుతోందని నేను చూశాను. నాకు చదవడం రాదు గాని వరసలు లెక్కపెట్టడం వచ్చు. ఏదో పెరిగింది, మంచిదే కదా అనుకున్నాను. బాబుకి చదవడం వచ్చు. ఆయన పైన పెద్దక్షరాల్లో ఉండే 'పూర్తయింది' అనే మాట చూసి సంతకం పెట్టేవాడు. ఇలా మేమిద్దరం చెరో సగం చూసుకుంటూ శివరాత్రి దాకా వచ్చాం.

శివరాత్రి వెళ్ళిన వారం షెడ్డులో కంప్యూటరు చచ్చిపోయింది. దుమ్ము పట్టి లోపలి డిస్కు అరిగిపోయిందన్నారు. వచ్చిన చిక్కేమిటంటే, ఆ నెలాఖరుకి కూలీలను పర్మనెంటు చేసే జాబితా కట్టాలి. ఏడాదిలో రెండు వందల నలభై రోజుల హాజరు ఉన్నవాడికే అందులో చోటు. కంప్యూటరు వచ్చాక హాజరు పుస్తకం మానేశారు. కూలి డబ్బు గ్యాంగు మొత్తానికి కలిపి మేస్త్రి చేతికిచ్చేవారు. అంటే ఆ మనుషులు పనిచేశారు అనడానికి ఆ డిస్కు తప్ప సాక్ష్యం లేదు. డిస్కు, దాని వెనక మా టేపు.

యారాడ నుంచి వచ్చే ఒక కూలీ ఉండేవాడు. చేపలు పట్టే ఇంటివాడు, మా ఆయన్ని అన్నా అని పిలిచేవాడు కాబట్టి నన్ను వదినా అనేవాడు. సంగతి తెలియగానే మా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఒదినా, మా డబ్బా సచ్చిపోనాదట కదేటి?"

"సచ్చిపోతే పోనీ. దాని పానం ఇక్కడ దాసి ఉంచినాం."

"ఎక్కడ?"

"టేపులో."

"టేపులో పాటలుంటాయి గాని పానాలుంటాయేటి?"

"నీకు తెల్దులే. ఎల్లి పని సూసుకో."

"ఎల్తన్నాను. నూట పదిహేడు నంబరు హాజరు బిళ్ళ నాది. నా లెక్కకి రెండొందల నలభై ఒకటి ఒచ్చీసినాయి. మీ టేపేటంటాదో సూసి సెప్పు."

పదేళ్ళుగా రోజు కూలీగా ఉన్న మనిషి. దర్జాగా ఈలేసుకుంటూ వెళ్ళాడు.

బాబు ఆ వారం టేపులు ఐదూ వేసి చూశాడు. ఆఫీసు ఉంది, కాటా ఉంది, షెడ్డు లేదు. నెలాఖరున విడిగా తీసి దాచే టేపులు కూడా వేసి చూశాడు. దసరా సెలవుకి ముందు తీసినదాంట్లో మాత్రం షెడ్డు ఉంది. అక్కడితో సరి. బాబు చొక్కా ఏసీలో తడిసిపోవడం అప్పుడే చూశాను. టార్చిలైటు పట్టుకుని బల్ల కిందకి దూరి, కాసేపటికి లోపలినుంచే అడిగాడు.

"అమ్మా, షెడ్డు వైరు ఈ నాలుగో సాకెట్లోకి ఎలా వచ్చింది?"

"తెల్దు బాబూ" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చెబుతాను. ఉద్యోగం పోతుందని భయం, అది ఉంది. దానికన్నా ఎక్కువగా మేస్త్రి మొహం కనిపించింది. ఆ చేతి బొట్టు వల్లే ఇన్ని కుటుంబాలు మునిగాయి అంటారు. మా ఆయన పోయినప్పుడు ఒకసారి అలాంటి మాటలు విన్నాను. రెండోసారి వినడానికి ఓపిక లేదు. బాబు బల్ల కిందనుంచి బయటికి వచ్చి నా వైపు చూశాడు, ఇంకేమీ అడగలేదు.

మర్నాడూ నోరు విప్పలేదు. అన్నం తిన్నాను, పడుకున్నాను, టేపు మార్చాను. మనిషి ఎంత హాయిగా తప్పు దాచుకోగలదో ఆ రెండు రోజుల్లో తెలిసింది.

మూడో రోజు పెద్ద మేనేజరు గ్యాంగులవాళ్ళని పిలిపించి, హాజరు షెడ్డు ముందు నిలబెట్టి మాట్లాడాడు. నేను మంచినీళ్ళు అందించడానికి వెళ్ళాను.

"ఆ వైరు దానంతటది నడుచుకుంటూ వెళ్ళలేదు" అన్నాడు. "హాజరు రికార్డు పోతే ఎవరికి లాభం? రాని రోజులు కూడా వచ్చామని చెప్పుకునేవాళ్ళకి. ఇది మీలో ఎవరో కావాలని చేయించిన పని. అందుకని ఈ ఏడాది జాబితా లేదు."

నలభైమంది పైగా ఉన్నారు. ఒక్కరు కూడా అరవలేదు. అరిచి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. యారాడ మనిషి తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు, అంతే.

"నాను మార్చీసినాను బాబూ" అన్నాను.

మేనేజరు ఎవరు మాట్లాడారా అని చుట్టూ చూశాడు. గ్లాసు పట్టుకున్న మనిషి కనబడటానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వా? ఎవరు మార్చమన్నారు?"

"ఎవులూ సెప్పనేదు. దసరా ఒచ్చింది."

"దసరాకీ వైరుకీ ఏమిటి సంబంధం?"

చెప్పాను. పసుపు చుక్క, కుంకుమ చుక్క, కాటుక చుక్క, తడిగుడ్డ, నాలుగో తలుపు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. నమ్మలేదు. అందరం కలిసి మా గదికి వెళ్ళాం. బాబు మిషనుని వెనక్కి తిప్పి టార్చి వేశాడు. నాలుగు సాకెట్ల మీదా పసుపు ఎండి ఉంది, నాలుగు బొట్లూ ఉన్నాయి. మేనేజరు వంగి చూసి, రాసుకోవడానికి కలం తీసి, 'బొట్టు'ని ఇంగ్లీషులో ఏమని రాయాలని బాబుని అడిగాడు. బాబుకీ తెలియలేదు.

"తప్పు నాది కూడా సార్" అన్నాడు బాబు. "షెడ్డు దొరకలేదు, వదిలేశాను అని మిషను ప్రతిరోజూ కాగితం అడుగున రాస్తూనే ఉంది. నేను అడుగుదాకా చదవకుండా సంతకం పెట్టాను."

గుమ్మం దగ్గర మేస్త్రి అందుకున్నాడు. "నాను ఆ రోజే సెప్పినాను. ఆ సేత్తో బొట్టెట్టొద్దని..."

"ఊరుకో మావా" అన్నాడు యారాడ మనిషి. "బొట్టెట్టినందుకు కాదు. తీగ తప్పు కన్నంలో పెట్టినందుకు."

నా జన్మలో నన్ను అంత సరిగ్గా తిట్టినవాడు ఇంకొకడు లేడు.

కుట్ర లేదని తేలింది. కానీ రోజులు తేలలేదు. ఏ ఓడ మీద ఏ గ్యాంగు దిగిందో ఆఫీసు కంప్యూటర్లో ఉంది. మేనేజరు అది ముందు పెట్టుకుని, "గ్యాంగు వచ్చింది సరే. గ్యాంగులో ప్రతి మనిషీ వచ్చాడని ఏమిటి నమ్మకం?" అని అడిగాడు.

"అందరం ఒచ్చినాం బాబూ" అన్నారు నలభైమందీ ఒక్క గొంతుతో.

"దసరా నుంచి శివరాత్రి దాకా ఒక్కడికి జ్వరం రాలేదు? ఒక్క ఇంట్లో పెళ్ళి లేదు?"

ఆయన ఫైలు మూసేశాడు. మూసిన ఫైలుని చూస్తూ యారాడ మనిషి ముందుకు వచ్చాడు.

"నాను మూడ్రోజులు రానేదు బాబూ. బిళ్ళ పడింది గాని నాను పడనేదు. సేపలు బాగా దొరకతన్నాయని మా అన్నతో సముద్రం మీదకి ఎల్లిపోనాను."

మేస్త్రి అతని చొక్కా వెనక్కి లాగాడు. బిళ్ళ సంగతి మీకు చెప్పాలి. గ్యాంగువాళ్ళ ఇత్తడి బిళ్ళలన్నీ మేస్త్రి గుప్పిట్లో పట్టుకొచ్చి షెడ్డు కిటికీలో పోస్తాడు, అక్కడి గుమస్తా కంప్యూటర్లో నంబర్లు కొడతాడు. రానివాడి బిళ్ళ కూడా ఆ గుప్పిట్లోనే ఉంటుంది. ఇవాళ నీది నేను వేస్తాను, రేపు నాది నువ్వు వెయ్యి. రేవులో అది తప్పు కాదు, మర్యాద. మా ఆయన బిళ్ళ కూడా నాలుగైదుసార్లు అలా పడే ఉంటుంది. టేపు సరిగ్గా ఉంటే ఇతను ఆ మూడు రోజులూ వచ్చినట్టే చెప్పేది.

మేనేజరు ఫైలు మళ్ళీ తెరిచాడు. తనకి నష్టమయ్యే మాట ఒకడు చెప్పాక మిగతా మాటలు కూడా నమ్మబుద్ధి అయిందేమో. ఒక్కొక్కరూ వచ్చారు. ఒకడికి కామెర్లు, ఒకడికి చెల్లెలి పెళ్ళి, మేస్త్రికి పొలంలో కోతలు. అందరికీ అంతో ఇంతో తగ్గాయి, అయినా రెండు వందల నలభై మిగిలాయి. జాబితా కట్టారు. యారాడ మనిషికి మాత్రం రెండు రోజులు చాలలేదు.

తరవాత ఒకరోజు అడిగాను. "ఎందుకు సెప్పినావురా? నోరు మూసుకుంటే పోయేది కదేటి."

"నువ్వు సెప్పీసినావు కదా ఒదినా. నీ తరవాత మగోడ్ని నాను ఊరుకుంటే ఏటి బాగుంటాది?" అన్నాడు. "అయినా రెండ్రోజులకేటి, ఇంకో ఏడాది సేత్తాను."

రెండు రోజులకి ఏడాది. ఆ ఏడాదిలో తిన్న ప్రతి ముద్దా నాకు గుర్తుంది.

నాకు మెమో ఇచ్చారు. బాబుకీ ఇచ్చారు. మిషను వెనక ఒక బోర్డు కట్టారు. ఏముంది బాబూ దాని మీద అంటే, 'అనుమతి లేనివాళ్ళు వైర్లు ముట్టుకోరాదు' అని చదివి వినిపించాడు. ఎవరి కోసం కట్టారో వాళ్ళకి చదవడం రాదని ఎవరికీ తట్టలేదు. నాలుగో సాకెట్టుకి మట్టుకు బాబు లక్క పోసి మూసేశాడు. అది పనికొచ్చింది.

ఇంకో పద్ధతి కూడా పెట్టాడు. ప్రతి సోమవారం, రాసిన టేపులోంచి షెడ్డు హాజరు వెనక్కి తీసి కాగితం మీద అచ్చు వేయాలి. పెట్టామా అని కాదు, తిరిగి వస్తోందా అని చూడాలి. మీకు నేను చెప్పగలిగిన సాంకేతిక విద్య ఇదొక్కటే. కార్డులు ఎన్నైనా బిగించుకోండి, తీగలు ఎన్ని దారుల్లో అయినా లాగండి, వారానికి ఒకసారి దాచుకున్నది బయటికి తీసి చూసుకోండి. కాగితం వస్తే అడుగుదాకా చదవండి. చదవడం వచ్చినవాళ్ళు మరీను.

ఆ సోమవారం కాగితం నేనే తీసేదాన్ని. పేర్లు నాకు తెలియవు, అంకెలు తెలుసు. వేలు పెట్టి కిందకి వెళితే నూట పదిహేడు దొరికేది. దాని ఎదురుగా వారం వారం పెరిగే అంకె చూసి, అప్పుడు బాబు బల్ల మీద పెట్టేదాన్ని. అప్పటికి మేస్త్రి చేతికి బిళ్ళలు ఇవ్వడం మానేశారు, ఎవడి బిళ్ళ వాడే వేసుకోవాలి. వానాకాలంలో ఆ అంకె రెండు వారాలు కదలలేదు. అతనికి కాలు బెణికిందట. ఆ రెండు వారాలు నేను కూడా కుంటుతూనే నడిచాను.

మళ్ళీ మాఘం వెళ్ళాక ఒక సోమవారం ఆ వరసలో రెండు వందల నలభై పడింది. ఇంకా ఆఫీసులో ఎవరూ చూడలేదు. భోజనాల వేళ ఎండలో రేవు దాకా నడిచాను. అతను బొగ్గు ఓడ నీడలో కూర్చుని అన్నం తింటున్నాడు.

"రెండొందల నలభై అయిపోనాయిరా" అన్నాను.

ముద్ద ఆగింది. "ఎవులు సెప్పినారు?"

"టేపు."

"నీ కళ్ళతో సూసినావా?"

"సూసినాను. కాయితం మీద కొట్టించి, వేలెట్టి సూసినాను."

చెయ్యి కడుక్కుని, తలగుడ్డ బిగించి లేచాడు.

"మంచిదొదినా" అన్నాడు. "ఇంకో వారం సేసీసి, అప్పుడెల్లి అడుగుతాను."